అవుట్‌పుట్ వచ్చింది గానీ

మా ఇంటి పైవాటాలో ముగ్గురు ఇంజనీరింగ్ పిల్లలు అద్దెకుంటారు. నాదర్‌గుల్‌లో ఇదేం వింత కాదు. 1981లో మొదలైన ఎంవీఎస్‌ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ ఈ ఊళ్లోనే ఉంది, అటుపక్క ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ క్యాంపస్ వచ్చింది. చదివేవాళ్లూ, చదివి ఉద్యోగం చేసేవాళ్లూ ఒకే సందులో బండ్లు పెట్టుకుంటాం. వాళ్లలో ఒకడు ఒక సాయంత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికొచ్చాడు.

"అంకుల్, ఓఎస్ ల్యాబ్ ప్రోగ్రాం అయిపోయింది. అవుట్‌పుట్ వచ్చేసింది. రికార్డులో రాసేసుకోవచ్చా?"

ప్రోగ్రాం చిన్నదే. రెండు థ్రెడ్లు, రెంటికీ ఉమ్మడిగా ఒక లెక్క. ఒక్కో థ్రెడ్ ఆ లెక్కకు వందసార్లు ఒకటి కలుపుతుంది. చివర 200 రావాలి. వచ్చింది. ఎన్నిసార్లు నడిపినా వస్తోంది.

"లాక్ పెట్టలేదేం?"

"పెట్టకపోయినా వస్తోంది కదా అంకుల్."

వంద తీసేసి పది లక్షలు పెట్టమన్నాను. ఇరవై లక్షలు రావాల్సింది పదకొండు లక్షల చిల్లర వచ్చింది. మళ్లీ నడిపితే పదమూడు, ఇంకోసారి పన్నెండు. కుర్రాడు కంప్యూటర్ వైపు అనుమానంగా చూశాడు. ఒకటి కలపడమంటే మన కంటికి ఒక పని, యంత్రానికి మూడు: మెమరీలోంచి అంకె తెచ్చుకోవడం, ఒకటి కలపడం, తిరిగి పెట్టడం. ఇద్దరూ ఒకేసారి 41 తెచ్చుకుంటే ఇద్దరూ 42 పెడతారు. రెండు పెరగాల్సిన చోట ఒకటే పెరుగుతుంది. మరి వందప్పుడు ఎందుకు సరిగ్గా వచ్చిందంటే, రెండో థ్రెడ్ కళ్లు తెరిచేలోపే మొదటిది తన వందా ముగించేసింది. ఇద్దరూ ఎదురుపడనే లేదు.

అసలు తమాషా ఆ తర్వాత మొదలైంది. ఎక్కడ పోతోందో చూద్దామని వాడు మధ్యలో ప్రింట్ పెట్టాడు. తప్పు దాదాపు మాయమైపోయింది. ప్రింట్ చేయడానికి ఎవరి వంతు వాళ్లు ఆగాలి కాబట్టి, ఆ ఆగడంలో ఎదురుపడే అవకాశమే సన్నగిల్లింది. ప్రింట్ తీసేసి కంపైలర్‌కు ఆప్టిమైజేషన్ చెప్పాడు. మళ్లీ నిఖార్సైన ఇరవై లక్షలు! పది లక్షల కూడికలెందుకు దండగ అనుకుని కంపైలర్ ఒక్క దెబ్బకు పది లక్షలు కలిపేసింది. మూడు సందర్భాల్లోనూ ప్రోగ్రాం తప్పే. రెండింట్లో అవుట్‌పుట్ వచ్చింది.

మన ఇంజనీరింగ్ చదువులో 'అవుట్‌పుట్ వచ్చింది' అన్నమాటకున్న విలువ ఇంతా అంతా కాదు. ల్యాబ్ అసిస్టెంటు అడిగేది అదే, ఎక్స్‌టర్నల్ అడిగేది అదే, ఉద్యోగంలో చేరాక మేనేజరూ వేరే మాటల్లో అడిగేది అదే. చాలా ప్రోగ్రాములకు ఆ ప్రశ్న సరిపోతుంది కూడా. వడ్డీ లెక్క కట్టే ప్రోగ్రాం ఇవాళ సరిగ్గా కడితే అవే అంకెలకు రేపూ సరిగ్గానే కడుతుంది. థ్రెడ్ల దగ్గర ఆ ధీమా చెల్లదు. అవే అంకెలు, అదే కోడ్, అదే యంత్రం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మాత్రం ప్రతిసారీ కొత్తగా తేలుతుంది. రెండు థ్రెడ్లు చెరి పది అడుగులు వేస్తాయనుకుంటే, వాటిని ఒకదాని మధ్య ఒకటి పేర్చే పద్ధతులు 1,84,756. అడుగులు చెరి ఇరవై చేస్తే 13,784 కోట్లు దాటుతుంది. అంతటి రాశిలోంచి మనం నడిపి చూసేది గుప్పెడు. ఆ గుప్పెడులో తప్పు కనబడలేదంటే తప్పు లేనట్టా, మన అదృష్టం బాగున్నట్టా?

ఇది మామూలు ప్రోగ్రామర్ బాధ. దీనికి ఇంకో అంతస్తు కింద ఇంకొకడుంటాడు. లాక్ పెట్టు, వంతు వచ్చేదాకా ఆగు, అయ్యాక లేపు అని మనం రాసే పిలుపులన్నీ నిజంగా చేసిపెట్టే థ్రెడ్ లైబ్రరీని రాసేవాడు. ప్రోగ్రామర్‌కు అనుమానం వస్తే "లైబ్రరీలో ఏదో ఉంది" అని తప్పించుకోవచ్చు. లైబ్రరీ రాసినవాడి కింద కెర్నెల్ తప్ప ఎవరూ లేరు. తాను పరీక్షించుకోవడానికి వాడే లాకులు కూడా తాను రాసినవే.

లైనక్స్‌లో ఈ కథ బాగా నమోదై ఉంది. థ్రెడ్లు ఎలా ఉండాలో పోసిక్స్ ప్రమాణం 1995లో ఖాయం చేసింది. లైనక్స్ కెర్నెల్‌కు అప్పటికి థ్రెడ్ అంటే తెలియదు, ప్రాసెస్ ఒక్కటే తెలుసు. ఫ్రాన్స్‌లో జేవియర్ లెరాయ్ అనే శాస్త్రవేత్త ఉన్నదాంతోనే సర్దుకుని 1996లో లైనక్స్‌థ్రెడ్స్ లైబ్రరీ తెచ్చాడు. మెమరీ పంచుకునే ప్రాసెస్‌లనే థ్రెడ్లని అనిపించాడు. పని నడిచింది. కానీ అతుకులు బయటికి కనబడేవి. ఒక్క జావా ప్రోగ్రాం మొదలుపెట్టి పీఎస్ అని కొడితే తెర నిండా అదే పేరు వరసగా దిగేది, ఒక్కోదానికీ ఒక్కో ప్రాసెస్ నంబరుతో. ఆ రోజుల్లో లైనక్స్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మెమరీ అంతా ఇదే తినేస్తోందని, ఒక్కటుంచి మిగతావి చంపేయబోయిన వాళ్లు కూడా ఉండేవారు. తెర వెనక అన్నిటికీ పెత్తనం చేసే మేనేజర్ థ్రెడ్ ఒకటుండేది. కొత్త థ్రెడ్ పుట్టాలంటే దాని చేతుల మీదుగానే పుట్టాలి. దాన్ని ఎవరైనా చంపితే మిగతావాటి గతి దేవుడికే ఎరుక. వాడుకరుల కోసమని వదిలిన రెండు సిగ్నళ్లను లైబ్రరీ తన సొంతానికి వాడేసుకునేది. ప్రమాణంలో రాసినదానికీ తెర మీద జరిగేదానికీ పొంతన ఉండేది కాదు.

2002 నాటికి దీని స్థానంలో కొత్తది కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఎలాంటిది అన్న దగ్గర రెండు దారులు. ఐబీఎం బృందం ఎన్‌జీపీటీ పేరుతో ఒకటి రాస్తోంది. వాళ్లది అప్పటి పండితులు మెచ్చిన దారి: ప్రోగ్రాంలో వేలాది థ్రెడ్లుంటాయి, కెర్నెల్‌కు మాత్రం వాటిలో కొన్నే కనబడతాయి, ఎవరు ఎప్పుడు నడవాలో లైబ్రరీయే ఒక చిన్న షెడ్యూలర్ పెట్టుకుని తేలుస్తుంది. కెర్నెల్ దాకా పోవక్కర్లేదు కాబట్టి వేగం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1991లో రాసిన షెడ్యూలర్ యాక్టివేషన్స్ పత్రం ఈ ఆలోచనకు పెద్ద బలం. సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టం సోలారిస్ కూడా చాలాకాలం ఆ బాటలోనే నడిచింది.

రెడ్‌హ్యాట్‌లో ఉల్రిక్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్ రెండో దారి పట్టారు. ఒక థ్రెడ్‌కు కెర్నెల్‌లో ఒక థ్రెడ్. అంతే. మధ్యలో చిన్న షెడ్యూలర్ లేదు, మేనేజర్ లేదు. ఇది మోటుగా ఉందని అనుకున్నవాళ్లకు వాళ్ల సమాధానం ఒకటే: మోటుదనం వల్ల నెమ్మదైతే కెర్నెల్‌నే వేగంగా చేద్దాం. మోల్నార్ అప్పటికే, ఎన్ని పనులున్నా తర్వాతిదాన్ని ఎంచడానికి ఒకే సమయం పట్టే షెడ్యూలర్‌ను రాసి ఉన్నాడు. థ్రెడ్లు పుట్టే చోట, పోయే చోట, వాటికి నంబర్లు ఇచ్చే చోట కెర్నెల్‌ను సవరిస్తూ పోయారు. 2002 సెప్టెంబరులో తమ లైబ్రరీని ఎన్‌పీటీఎల్ పేరుతో బయటపెట్టారు. అప్పుడు చూపించిన పరీక్ష ఇవాళ్టికీ చెప్పుకుంటారు: మామూలు ఇంటెల్ యంత్రం మీద లక్ష థ్రెడ్లు రెండు సెకన్లలో లేచాయి. పాత కెర్నెల్ మీద అదే పనికి దాదాపు పదిహేను నిమిషాలు పట్టేది. 2003లో రెడ్‌హ్యాట్ లైనక్స్ 9తో అది జనంలోకి వచ్చింది. ఐబీఎం తన పనిని పక్కన పెట్టేసింది.

లక్ష థ్రెడ్ల సంగతి పేపర్లో వేసుకోవడానికి బాగుంటుంది గానీ, నాకు దాని కంటే ఫ్యూటెక్స్ ముద్దు. రస్టీ రసెల్, హ్యూబర్టస్ ఫ్రాంకే తదితరులు 2002లోనే కెర్నెల్‌లోకి తెచ్చిన ఈ చిన్న పనిముట్టు మీదే ఎన్‌పీటీఎల్ లాకులన్నీ నిలబడ్డాయి. లాక్ ఖాళీగా ఉంటే ప్రోగ్రాం తన మెమరీలోనే ఒక అంకె మార్చి తీసేసుకుంటుంది. తగాదా లేనప్పుడు కెర్నెల్ గడప తొక్కే పనే లేదు. ఇంకొకరి చేతిలో ఉంటేనే "నన్ను నిద్రపుచ్చు" అని కెర్నెల్‌ను అడగాలి. ఇందులో ఒక సందు ఉంది. లాక్ దొరకలేదని చూసుకున్నాక, నిద్రపోయేలోపు అరక్షణం గడుస్తుంది. సరిగ్గా ఆ అరక్షణంలోనే రెండోవాడు లాక్ వదిలేసి, లేపడానికి పిలుపు పంపితే? నిద్రపోనివాణ్ని ఎవరు లేపుతారు? పిలుపు గాలికి పోతుంది. తర్వాత వీడు పడుకుంటాడు, ఇక లేపేవాడు లేడు. అందుకే ఫ్యూటెక్స్‌ను పిలిచేటప్పుడు "నేను చూసినప్పుడు అక్కడ ఫలానా అంకె ఉంది" అని కూడా చెప్పాలి. కెర్నెల్ పడుకోబెట్టే ముందు ఆ అంకె ఇంకా అలాగే ఉందా అని ఇంకోసారి చూస్తుంది. మారి ఉంటే పడుకోబెట్టదు, వెనక్కి పంపుతుంది. ఒక్క పోలిక, అంతే. ఆ ఒక్కటీ లేకపోతే లక్షసార్లు నడిచిన ప్రోగ్రాం లక్షా ఒకటోసారి చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. దీన్ని సరిగ్గా వాడటం ఎంత కష్టమో చెప్పడానికే డ్రెప్పర్ ఆ తర్వాత ఒక పత్రం రాయాల్సి వచ్చింది. అందులో మొదట రాసిన లాకులో ఎక్కడెక్కడ దెబ్బతింటామో తనే చూపించి, మెట్టుమెట్టుగా సరిచేస్తూ పోతాడు.

ఎన్‌పీటీఎల్ గెలవడానికి కారణం వేగమేనని చరిత్ర రాసేవాళ్లు అంటారు. నా లెక్క వేరు. రెండు షెడ్యూలర్లున్న చోట, ఒకటి ఏం చేస్తోందో ఇంకోదానికి పూర్తిగా తెలియదు. కింద కెర్నెల్ ఒక థ్రెడ్‌ను ఆపేస్తే, దాని మీద ఆధారపడ్డ పది థ్రెడ్లు పైన ఎందుకాగాయో అర్థం కాదు. సిగ్నల్ వచ్చిందంటే ఎవరికి చేర్చాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. పైన చెప్పిన 13,784 కోట్లను ఇంకో షెడ్యూలర్‌తో గుణించినట్టు. అలాంటిదాన్ని రాయొచ్చు, నడిపించొచ్చు. పరీక్షించడం ఎవరి తరం? సోలారిస్ 2002లో వచ్చిన తన 9వ వెర్షన్‌లో ఒకటికొకటి పద్ధతికే మారింది. ఫ్రీబీఎస్‌డీ ఏళ్లపాటు కేఎస్‌ఈ అనే రెండంతస్తుల ఏర్పాటుతో కుస్తీ పట్టి, 7.0 నాటికి సాదా లైబ్రరీని ముందుకు తెచ్చింది. నెట్‌బీఎస్‌డీ 5.0లో అదే పని చేసింది. మూడు ఇళ్లలోనూ గొప్ప ప్రోగ్రామర్లే ఉన్నారు. కొరత తెలివిది కాదు. తప్పు దాక్కోవడానికి చోటెక్కువైంది. (రెండంతస్తుల ఆలోచన చచ్చిపోలేదనుకోండి. గో భాషలో గోరొటీన్లుగా, 2023లో జావా 21లో వర్చువల్ థ్రెడ్లుగా తిరిగొచ్చింది. కాకపోతే ఇప్పుడది ఒక భాష తన ఇంట్లో తను చేసుకునే ఏర్పాటు. ప్రపంచంలోని ప్రతి సీ ప్రోగ్రాం బరువూ దాని నెత్తిన లేదు.)

మరి టెస్టింగ్ ఎలా? ఒకటి, ప్రమాణాన్ని వాక్యం వెంట వాక్యం పట్టుకుని, ఒక్కోదానికీ ఒక పరీక్ష రాయడం. ఓపెన్ పోసిక్స్ టెస్ట్ సూట్ చేసింది అదే, ఇప్పుడది లైనక్స్ టెస్ట్ ప్రాజెక్ట్‌లో భాగం. చప్పని పని, కానీ తప్పని పని. అందులోనూ చిక్కులున్నాయి. ఉదాహరణకు, పిలుపు కోసం థ్రెడ్లు ఎదురుచూసే కండిషన్ వేరియబుల్ మీద నిద్రపోతున్న థ్రెడ్ ఎవరూ పిలవకపోయినా లేవొచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంటే పిలవకుండా లేచిందని లైబ్రరీని తప్పుపట్టకూడదు, లేచినవాడు "నిజంగా నా వంతేనా" అని మళ్లీ చూసుకోవాలి. ల్యాబ్ రికార్డుల్లో ఈ చోట వైల్ బదులు ఇఫ్ రాసినవి కోకొల్లలు. అన్నిటికీ అవుట్‌పుట్ వచ్చే ఉంటుంది.

రెండోది అసలు కష్టమైనది: చెడ్డ రోజును మనమే రప్పించడం. నాదర్‌గుల్‌లో పైలట్ శిక్షణకు వాడిన చిన్న రన్‌వే ఒకటుంది. శిక్షణ విమానంలో పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ అంతా బాగున్నప్పుడే ఇంజన్ పవర్ తగ్గించేసి, ఇప్పుడెక్కడ దిగుతావో చూపించమంటాడు. నిజంగా ఇంజన్ ఆగేదాకా చూస్తూ కూర్చుంటే నేర్చుకునేదేం ఉండదు. థ్రెడ్ లైబ్రరీని పరీక్షించేవాడూ అంతే. లాక్ తీసుకునే చోట, వదిలే చోట కావాలనే చిన్న ఆలస్యాలు జొప్పిస్తాడు. కోర్‌లు నాలుగుంటే థ్రెడ్లు నాలుగొందలు పెట్టి ఊపిరాడకుండా చేస్తాడు. ఇంటెల్ మీద బాగున్నదాన్ని ఆర్మ్ చిప్ మీద నడుపుతాడు. ఇంటెల్ ప్రాసెసర్ మెమరీలోకి రాతలను చాలావరకు రాసిన వరసలోనే బయటికి చూపిస్తుంది, ఆర్మ్‌కు అంత పట్టింపు లేదు. ఇంటెల్ పుణ్యాన ఏళ్లపాటు దాక్కున్న తప్పులు ఆర్మ్ మీద గంటలో బయటపడిన సందర్భాలు నేనూ చూశాను.

ఇదంతా గాల్లో బాణాలు వేయడం కాదని తేల్చిన పని కూడా జరిగింది. 2008లో షాన్ లూ, ఆమె తోటి పరిశోధకులు మైఎస్‌క్యూఎల్, అపాచీ, మొజిల్లా, ఓపెనాఫీస్ కోడ్‌లలోంచి ఇలాంటి 105 నిజమైన బగ్గులను ఏరి చూశారు. వాటిలో 96 శాతం, రెండంటే రెండు థ్రెడ్ల మధ్య ఫలానా వరస కుదిరితే చాలు, తప్పకుండా బయటపడేవే. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో మదన్ ముసువత్తి, షాజ్ ఖదీర్ కట్టిన చెస్ అనే పనిముట్టు షెడ్యూలర్‌నే తన చేతిలోకి తీసుకుని, థ్రెడ్లను మధ్యలో ఆపడం ఒకసారి, రెండుసార్లు అని పరిమితి పెట్టుకుని, ఆ లోపల సాధ్యమైన వరసలన్నీ ఓపిగ్గా నడిపి చూస్తుంది. ఆ కొద్దిపాటి ఆపడాలతోనే బోలెడు బగ్గులు దొరికాయి. కోట్ల వరసలున్నా, దయ్యాలు తిరిగేవి కొన్ని మూలల్లోనే. ఆ మూలలకు వెళ్లాలి గానీ, నట్టింట్లో దీపం పెట్టి లక్షసార్లు తిరిగితే ఏం లాభం?

వెళ్లకపోతే ఏమవుతుందో 1997లో అంగారకుడి మీద తెలిసింది. జులై 4న దిగిన మార్స్ పాత్‌ఫైండర్ ఉన్నట్టుండి తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒక లాక్ పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి పనులు వచ్చి దాన్ని ఆపేసేవి. ఆ లాక్ కోసం కాచుక్కూర్చున్న అతి ముఖ్యమైన పని గడువు దాటిపోయేది. గడువు దాటితే యంత్రం రీసెట్. లాక్ పట్టుకున్న చిన్న పనికి తాత్కాలికంగా పెద్ద ప్రాధాన్యం అరువిచ్చే వసతి ఆ ఆపరేటింగ్ సిస్టంలో ఉంది, ఆ లాకుకు దాన్ని ఆన్ చేయలేదు. భూమి మీది నకలు యంత్రంలో తప్పును రప్పించి, సవరణ అక్కడికి పంపి బాగుచేశారు. నన్ను పట్టుకున్నది ఆ నైపుణ్యం కాదు. ఎగరకముందే పరీక్షల్లో ఆ రీసెట్ ఒకటి రెండుసార్లు కనబడింది. మళ్లీ రమ్మంటే రాలేదు. ముందర అంతకంటే పెద్ద తలనొప్పులున్నాయి, పక్కన పెట్టారు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను. మళ్లీ రాని బగ్గును పట్టుకు వేలాడే తీరిక ఏ ఆఫీసులో ఉంటుంది? "రీప్రొడ్యూస్ కావట్లేదు" అని రాసి టికెట్ మూసేయడం మా వృత్తిలో అన్నిటికంటే తరచుగా చేసే పని. థ్రెడ్ల విషయంలో మాత్రం ఆ మాటకు అర్థం, బగ్ లేదని కాదు. ఒకసారి తలుపు తట్టి వెళ్లిందని.

ఎన్‌పీటీఎల్ కూడా దీనికి అతీతం కాదు. దానికున్నంత మంది టెస్టర్లు ఏ లైబ్రరీకీ లేరు. లైనక్స్ సర్వర్లు చాలావాటిలో ప్రతి క్షణం నడిచేది అదే. ఎన్‌పీటీఎల్ ఉండే లైనక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.25లో, 2017లో, కండిషన్ వేరియబుల్‌ను పాత లోపాలు లేకుండా మొదట్నుంచీ తిరిగి రాశారు. చాలా జాగ్రత్తగా రాసిన కోడ్ అది, ప్రతి అడుగుకూ ఎందుకో వివరణ ఉంది. 2020లో ఒక ఫిర్యాదు వచ్చింది: పిలుపు పంపినా ఒక్కోసారి నిద్రపోతున్న థ్రెడ్ లేవడం లేదు. కొత్త కోడ్‌లో ఎదురుచూసేవాళ్లను రెండు గుంపులుగా పెడతారు. ఒక థ్రెడ్ సరిగ్గా ఒకచోట ఆగిపోయి, అది ఆగి ఉండగానే గుంపులు తారుమారై, తర్వాత అది లేచి తనది కాని పిలుపు తీసేసుకుని, పొరపాటు గ్రహించి తిరిగి ఇచ్చే ప్రయత్నంలో తప్పుడు గుంపుకు ఇస్తే, అప్పుడు ఒక పిలుపు పోతుంది. ఇన్ని 'అయితే'లు కుదరాలి. ప్రపంచమంతా కలిసి పరీక్షిస్తే మూడేళ్లకు కుదిరింది.

దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక ప్రోగ్రామర్ కోడ్ నడపలేదు. లెస్లీ లాంపోర్ట్ తయారుచేసిన టీఎల్ఏ ప్లస్ అనే భాషలో ఆ అల్గారిథంను రాసి, సాధ్యమైన వరసలన్నీ యంత్రంతో వెతికించాడు. అదృష్టానికి వదిలేసే భాగమే లేకుండా. చెడ్డ వరస దొరికింది. ఆ తర్వాత కూడా, ఏది మారిస్తే ఇంకేది చెడుతుందోనన్న చర్చ ఏళ్లు సాగి, చివరికి 2025 జనవరిలో వచ్చిన గ్లిబ్‌సీ 2.41లో సవరణ చేరింది. ఇది చదువుతున్నవాళ్లలో లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లుంటే, ఎల్‌డీడీ కమాండును వెర్షన్ అడిగి చూడండి. మా ఆఫీసు మెషీన్ ఒకటి 2.35 అంది. సవరణను వెనక్కి తెచ్చి అందులో కలిపారో లేదో ఇంకా వెతుకుతున్నాను.